పెరటికి పసిడి కంచె.. తంగేడు
నీటి కరువును తట్టుకునే పూలపొద.. నల్లరేగడిలో మాత్రం అతి తడే శత్రువు

* విత్తనంతో పెంచడమే మేలు.. పెద్ద పొదను పెకలించి తెస్తే బతకదు
* ఎత్తు మడి, ఏటా ఒక కత్తిరింపు.. సంరక్షణలో ఈ రెండే కీలకం
* కసివింద, సీమ తంగేడులతో పొరబడరాదు

చాపాడు: బీడు భూముల్లో, కొండవాలుల్లో, బాటల పక్కన ఎవరూ నాటకుండా, ఎవరూ నీరు పోయకుండా పసుపుపచ్చగా విరబూసే పొద తంగేడు. రాయలసీమ వాసులకు దీనిని కొత్తగా పరిచయం చేయనవసరం లేదు. అయినా ఇళ్ల ముంగిట పూలమొక్కలు నాటాలనుకునేవారు దూరప్రాంతాల నర్సరీల నుంచి వచ్చే మొక్కలకు వందల రూపాయలు వెచ్చిస్తున్నారే తప్ప, కంటి ఎదుట ఉన్న తంగేడును తోట మొక్కగా తలచడం లేదు. మరోవైపు బీళ్లు సాగులోకి రావడం, బాటలు విస్తరించడం, గట్లపై కలుపు మందులు చల్లడం వంటి కారణాలతో ఈ పొదకు చోటు తగ్గుతోంది. వేసవిలో తాగునీటికే వెతుకులాట తప్పని పల్లెల్లో, నాటిన రెండో ఏటి నుంచి దాదాపు నీరే అడగని పూలమొక్క పెరటిలో ఉండడం చిన్న విషయం కాదు. అయితే తంగేడు పెంపకంలో ఒక చిక్కు ఉంది. మిగిలిన మొక్కలను నిర్లక్ష్యం చంపుతుంది. దీనిని ఎక్కువగా చంపేది అతి శ్రద్ధే.

ఏమిటీ మొక్క?

తంగేడు శాస్త్రీయ నామం సెన్నా ఆరిక్యులేటా. పాత గ్రంథాలలో కాసియా ఆరిక్యులేటా అని కనిపిస్తుంది. 'ఆరిక్యులేటా' అంటే చెవులు కలది అని అర్థం. ఆకు కాడ మొదట చెవి ఆకారంలో ఉండే రెండు చిన్న ఆకుల వంటి పుచ్ఛాలను బట్టి ఆ పేరు వచ్చింది. తంగేడును పోల్చుకోవడానికి తిరుగులేని గుర్తు ఇదే. సంస్కృతంలో ఆవర్తకి, తమిళంలో ఆవారం, సింహళంలో రణవర అని వ్యవహరిస్తారు. శ్రీలంకలో ఎండిన రణవర పూలతో కాచిన కషాయాన్ని తేనీరులా సేవించడం పాత అలవాటు.

సాధారణంగా 1 నుంచి 3 మీటర్ల ఎత్తు పెరిగే ఈ పొద మొదలు నుంచే కొమ్మలు వేస్తుంది. ఒక్కో ఆకులో 8 నుంచి 12 జతల చిట్టి ఆకులు ఉంటాయి. కొమ్మల చివర గుత్తులుగా ఐదు రేకుల పసుపు పూలు పూస్తాయి. పలుచగా, కాగితంలా ఉండే చదునైన కాయలు కాస్తాయి. వానలు పడిన తరువాత పూత ఊపందుకుంటుంది. భాద్రపదం నుంచి పుష్యం వరకు నిండుగా పూసి, తక్కిన కాలంలోనూ అక్కడక్కడా పూలు చూపుతుంది.

ఐరోపాలో ఇళ్ల తోటలకు పసుపు శోభనిచ్చే 'బ్రూమ్' అనే పొద ఉంది. చిక్కుడు కుటుంబానికే చెందిన ఆ మొక్క చల్లని దేశాలది. కడప ఎండకు తాళలేదు. ఆంగ్లేయుల కాలంలో నీలగిరులకు చేరిన స్కాచ్ బ్రూమ్ అక్కడి పచ్చికబయళ్లను ఆక్రమించి, ఇప్పుడు తొలగించవలసిన కలుపుగా మారింది. ఆ పొద అందాన్ని ఇక్కడ కోరుకునేవారికి, అదే కుటుంబంలో, ఇదే నేలకు చెందిన తంగేడు ఉండగా పరాయి మొక్క అవసరం లేదు.

నాడు తోలు పరిశ్రమకు ఆధారం

తంగేడు బెరడులో తోలును పదును చేసే టానిన్ సమృద్ధిగా ఉంటుంది. తెలుగు పల్లెల్లో తోళ్లు ఊనే లందలలో తంగేడు చెక్క, కరక్కాయ ప్రధాన సరుకులు. నీటి మోటలకు తోలు బానలు కట్టిన కాలంలో ఈ పొద లేనిదే సేద్యం నడిచేది కాదంటే అతిశయోక్తి కాదు. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి 19వ శతాబ్దంలో విదేశాలకు ఎగుమతి అయిన 'ఈస్టిండియా' తోళ్లకు పేరు తెచ్చింది కూడా తంగేడు చెక్కే. 20వ శతాబ్దంలో దక్షిణాఫ్రికా నుంచి వాటిల్ బెరడు దిగుమతి కావడం, ఆపై రసాయనాలతో తోళ్లను పదును చేసే పద్ధతి విస్తరించడంతో తంగేడు చెక్కకు గిరాకీ పడిపోయింది.

తంగేడు ఆకు మంచి పచ్చిరొట్ట ఎరువు. చవుడు తేలిన వరి మళ్లలో ఆకును తొక్కి కలియదున్నడం దక్షిణాదిన అనాదిగా ఉన్న పద్ధతి. చిక్కుడు కుటుంబపు మొక్క కనుక జనుము, పిల్లిపెసర మాదిరిగా వేరు బుడిపెలలో నత్రజనిని నిలుపుతుందని చాలామంది భావిస్తారు. అది సరికాదు. తంగేడు జాతిలోని మొక్కలకు సాధారణంగా వేరు బుడిపెలు ఉండవు. భూమికి మేలు చేసేది దాని ఆకే.

ఊళ్ల పేర్లలోనూ తంగేడు నిలిచి ఉంది. నంద్యాల జిల్లా జూపాడు బంగ్లా మండలంలోని తంగెడంచ అందుకు ఒక ఉదాహరణ. తెలంగాణలో బతుకమ్మను పేర్చే పూలలో గునుగుతో పాటు తంగేడుది ప్రథమ స్థానం. ఆ రాష్ట్రం 2014లో దీనినే రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. తమిళనాడులో సంక్రాంతి ముందు ఇళ్లకు కట్టే 'కాప్పు'లో ఆవారం పూలు తప్పనిసరి.

ఏ నేలలో ఎలా?

ఎర్ర గరుసు నేలలు, రాతి నేలలు, సున్నపు పాలు గల నేలలు తంగేడుకు అనుకూలం. కొంతమేరకు చవుడునూ ఓర్చుకుంటుంది. ఆ లెక్కన పులివెందుల పరిసరాల్లోని ఎర్ర నేలల్లోనూ, నాపరాతి పొరలు ఉన్న జమ్మలమడుగు ప్రాంతంలోనూ నాటుకోవడానికి ప్రత్యేక ఏర్పాట్లు అక్కరలేదు.

చాపాడు, ప్రొద్దుటూరు పరిసరాల్లో పరిస్థితి వేరు. కేసీ కాలువ ఆయకట్టు కింద, కుందూ పరీవాహకంలో విస్తరించిన నల్లరేగడి నేల తేమను చాలా రోజులు పట్టి ఉంచుతుంది. వరి, పసుపు పంటలకు అనువైన ఈ గుణమే తంగేడు లేత మొక్కకు ముప్పు. వానాకాలంలో వేరు వద్ద నీరు నిలిస్తే మొదలు కుళ్లి, చూస్తుండగానే మొక్క వడలిపోతుంది. వడలినదని మరింత నీరు పోస్తే నష్టం రెట్టింపవుతుంది.

దీనికి విరుగుడు ఎత్తు మడి. నాటదలచిన చోట నేలమట్టానికి అడుగు ఎత్తున, మూడడుగుల వెడల్పున కట్ట పోయాలి. తవ్విన రేగడి మట్టిలో సగానికి సగం ఎర్ర గరుసు కలపాలి. ఇంటి నిర్మాణంలో మిగిలిన ఇటుక ముక్కలు ఉంటే అడుగున పరచవచ్చు. కట్ట నుంచి నీరు బయటకు జారేలా వాలు ఉంచాలి. స్నానాల గది నీరు, అంట్లు కడిగిన నీరు పారే కాలువ పక్కన తంగేడును నాటకూడదు. ఆ చోటు అరటికి, మునగకు వదిలిపెట్టడం మంచిది.

ఎండ విషయంలో రాజీ లేదు. రోజుకు కనీసం ఆరు గంటలు నేరుగా ఎండ తగలాలి. వేప చెట్టు నీడన, గోడ చాటున నాటిన తంగేడు సన్నగా సాగి ఆకులతో సరిపెడుతుంది. పూలు అంతగా రావు.

విత్తనం నుంచి మొక్క వరకు

బీడులో పెరిగిన పొదను పెకలించి తెచ్చి పెరటిలో పాతడం చాలామంది చేసే పని. తంగేడుకు తల్లివేరు లోతుగా దిగుతుంది. పెకలించినప్పుడు అది తెగిపోతుంది కనుక పెద్ద పొద బతకడం అరుదు. ఇంటికి మొక్క రాకపోగా బీడులో ఉన్నదీ పోతుంది. కాబట్టి విత్తనంతో పెంచడమే సరైన మార్గం.

మాఘ, ఫాల్గుణ మాసాల్లో కాయలు గోధుమ రంగుకు తిరిగి గలగలలాడుతాయి. అప్పుడు కోసి, రెండు రోజులు ఎండబెట్టి, చేతితో నలిపి గింజలు తీయాలి. పురుగు తొలిచిన గింజలు తరచుగా కనిపిస్తాయి. నీటిలో వేసినప్పుడు పైకి తేలినవాటిని పారవేయాలి. మునిగినవాటిని నీడలో ఆరబెట్టి, కాస్త వేపాకుతో కలిపి సీసాలో భద్రపరచాలి. ఒక పొదలోని కాయలన్నీ కోయకుండా సగం వదిలితే అక్కడి నేలలో కొత్త మొక్కలకు అవకాశం ఉంటుంది.

గింజ పైపొర గట్టిది. అలాగే విత్తితే కొన్ని వారాలకు ఒకటీ అరా మొలుస్తాయి. మరిగించి పొయ్యి మీద నుంచి దించిన నీటిలో గింజలు వేసి, ఆ నీటిలోనే రాత్రంతా నాననివ్వాలి. ఉబ్బిన గింజలను తెల్లవారి విత్తుకోవాలి. ఉబ్బనివాటిని గరుకు రాతిపై మెల్లగా రుద్ది మరోసారి నానబెట్టవచ్చు. ఇలా చేస్తే ఒకటి నుంచి మూడు వారాల్లో మొలకలు వస్తాయి.

పాలిథీన్ సంచులలో రెండు వంతుల ఎర్రమట్టి, ఒక వంతు ఇసుక, ఒక వంతు చివికిన పశువుల ఎరువు కలిపి నింపాలి. సంచికి రెండు గింజల చొప్పున అర అంగుళం లోతున విత్తాలి. రెండూ మొలిస్తే బలమైనదాన్ని ఉంచి రెండోది తీసివేయాలి. ఏప్రిల్ నెలాఖరున విత్తితే జూలై, ఆగస్టు నాటికి జానెడుకు పైగా పెరిగి నాటడానికి సిద్ధమవుతాయి. సంచులను నేలపై అదే చోట ఎక్కువ కాలం ఉంచితే వేరు సంచిని చీల్చుకొని నేలలోకి దిగుతుంది. అందుచేత పదిహేను రోజులకోసారి సంచులను కదుపుతుండాలి.

నాటే పద్ధతి

జిల్లాలో సగటు వార్షిక వర్షపాతం సుమారు 700 మిల్లీమీటర్లు. నైరుతి వానలు కొంత, ఈశాన్య వానలు కొంత కలిసి ఆ మొత్తం అవుతుంది. జూలై, ఆగస్టులలో నాటిన మొక్క రెండు రుతుపవనాల తడినీ అందుకొని వేసవి నాటికి వేరు లోతుకు దించుకుంటుంది. ఎర్ర నేలల్లో అడుగున్నర పొడవు, వెడల్పు, లోతు గల గుంత తీసి, రెండు గంపల చివికిన ఎరువు కలిపితే చాలు. రేగడి నేలల్లో పైన చెప్పిన కట్ట మీదనే నాటాలి. సంచిని చింపేటప్పుడు వేరు చుట్టూ ఉన్న మట్టి గడ్డ చెదరకూడదు. సంచిలో ఉన్న లోతుకు మించి కాండాన్ని మట్టిలో పూడ్చకూడదు.

కంచెగా పెంచదలిస్తే మొక్కకూ మొక్కకూ రెండడుగుల దూరం ఉంచాలి. పూలపొదగా విడివిడిగా పెంచేవారు ఐదారు అడుగులు వదలాలి. గొర్రెలు, మేకలు సాధారణంగా తంగేడు ఆకును ఇష్టపడవు. అయినా లేత మొక్కలను తొక్కివేసే ప్రమాదం ఉంది కనుక మొదటి ఏడాది ముళ్లకంప అడ్డు వేయడం శ్రేయస్కరం.

నీరు.. ఎంత తక్కువైతే అంత మేలు

నాటిన తొలి రెండు నెలలు వాన లేనప్పుడు మూడు నాలుగు రోజులకు ఒకసారి చెంబెడు నీరు పోయాలి. ఆ తరువాత వారానికి ఒకసారి చాలు. పాదరసం 40 డిగ్రీలు దాటే మొదటి వేసవిలో పది, పదిహేను రోజులకొకసారి బిందెడు నీరు ఇవ్వాలి. నీరు పోసే ముందు నాలుగు వేళ్ల లోతు మట్టి తీసి చూడాలి. తడి చేతికి తగిలితే ఆ పూట నీరు అక్కరలేదు. రెండో ఏటి నుంచి ఎర్ర నేలల్లో విడిగా నీరు పెట్టనవసరం లేదు. వేసవిలో కొన్ని ఆకులు రాల్చినా మొక్క చనిపోయినట్లు కాదు. అది తన తేమను కాపాడుకునే ఉపాయం. తొలకరికి మళ్లీ చిగురిస్తుంది.

ఎరువుల విషయంలోనూ ఇదే సూత్రం. యూరియా వేస్తే ఆకు ఏపుగా పెరిగి పూత తగ్గుతుంది. ఏటా ఒకసారి తొలకరికి ముందు గంపెడు చివికిన పశువుల ఎరువు వేసి మట్టి గుల్ల చేస్తే సరిపోతుంది.

కత్తిరింపు మరువరాదు

తంగేడును పెరటి మొక్కగా నిలిపేది కత్తిరింపే. వదిలివేస్తే మూడు నాలుగేళ్లలో మొదలు బోసిపోయి, ఆకులు, పూలు పైన మాత్రమే మిగిలి గజిబిజిగా తయారవుతుంది. బెరడు కోసం పొదను మొదలంటా నరికినా తిరిగి గుబురుగా చిగురించే గుణం దీనికి ఉంది. పూర్వం చెక్క సేకరించినవారు ఈ గుణం మీదనే ఆధారపడ్డారు. తోటలో ఉపయోగపడేదీ అదే.

నాటిన మొక్క రెండడుగులు పెరగగానే కొన తుంచితే పక్క కొమ్మలు వస్తాయి. రెండో ఏటి నుంచి ప్రధాన పూత ముగిసి, విత్తనానికి కావలసిన కాయలు కోసుకున్నాక, ఫిబ్రవరి నెలాఖరు లేదా మార్చిలో కొమ్మలను మూడింట ఒక వంతు మేర తగ్గించాలి. ముదిరి బోసిపోయిన పొదను నేల నుంచి అడుగున్నర ఎత్తు ఉంచి నరికినా తిరిగి కోలుకుంటుంది. అటువంటి గట్టి కత్తిరింపును తొలకరి ముందు చేయడం మేలు. జూలై తరువాత కత్తిరిస్తే ఆ ఏటి పూలను చేతులారా పోగొట్టుకున్నట్లే. పూలు కొత్త కొమ్మల చివరే వస్తాయన్నది గుర్తుంచుకోవాలి. కత్తిరించిన ఆకు, రెమ్మలను పారవేయక కూరగాయల మడులకు పచ్చి ఎరువుగా వాడుకోవచ్చు. లేత పుల్ల పలుదోము పుల్లగా పనికివస్తుంది.

పురుగులు.. మిత్రులు

ఆకుపచ్చ గొంగళిపురుగులు ఆకులను తినడం చూసి మందు కొట్టడానికి తొందరపడనవసరం లేదు. పసుపు, తెలుపు రంగుల సీతాకోకచిలుకలు కొన్ని తంగేడు జాతి మొక్కలపైనే గుడ్లు పెడతాయి. పొద పెద్దదైతే ఆ నష్టం లెక్కలోనిది కాదు. లేత మొక్కల మీద ఎక్కువగా ఉంటే చేతితో ఏరివేయాలి. పిండినల్లి, పేనుబంక కనిపిస్తే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీరు కలిపి సాయంత్రం వేళ పిచికారీ చేయాలి.

పూతలో ఉన్నప్పుడు పురుగుమందు అసలే వద్దు. తంగేడు పువ్వులో తేనె ఉండదు. పుప్పొడి కూడా కేసరాల చివరి సన్నని రంధ్రాలలో దాగి ఉంటుంది. గండు తుమ్మెద వంటి పెద్ద తేనెటీగలు పువ్వును పట్టుకొని ఝుమ్మని రెక్కల కండరాలను అదిలించినప్పుడే ఆ పొడి రాలుతుంది. ఆ తుమ్మెదలు లేకుంటే కాయ కట్టదు. అవే తుమ్మెదలు వంగ, టమాటా పూల వద్దకూ వస్తాయి. పెరటిలో కూరగాయలు పండించేవారికి తంగేడు పొద ఒక లాభమే.

పోలికతో పొరబడవద్దు

పసుపు పూలు చూసి ప్రతి మొక్కనూ తంగేడు అనుకోవడం ప్రమాదకరం. కసివింద వానాకాలంలో మొలిచే మొక్క. ఆకులు నాలుగైదు జతలే ఉండి, కొన వాడిగా ఉంటుంది. నలిపితే వెగటు వాసన వస్తుంది. దాని గింజలు విషపూరితం. ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లాలో 2016లో వందమందికి పైగా చిన్నారులు మరణించినప్పుడు, ఈ మొక్క గింజలు తినడం కారణాలలో ఒకటని నిపుణుల బృందం అభిప్రాయపడింది. పిల్లలు తిరిగే పెరటిలో ఇది మొలిస్తే పూతకు ముందే పీకివేయాలి.

రోడ్ల పక్కన నాటే సీమ తంగేడు పొద కాదు, పెద్ద చెట్టు. ఆగ్నేయాసియా నుంచి వచ్చింది. చిన్న పెరటికి పనికిరాదు. నేల తంగేడు అంటే సునాముఖి. దాని ఆకు విరేచనకారి. తమిళనాడులోని తిరునెల్వేలి ప్రాంతంలో దానిని పంటగా పండిస్తారు. పేరులో తంగేడు ఉందని ఆ ఆకును ఇష్టానుసారం వాడరాదు. సెన్నా స్పెక్టాబిలిస్ అనే విదేశీ జాతి పూల అందం కోసం దేశానికి వచ్చి వయనాడు, ముదుమలై అడవులను ఆక్రమించింది. తంగేడు పేరిట నర్సరీలో మొక్క కొనేవారు ఆకు కాడ మొదట చెవి ఆకారపు పుచ్ఛాలు ఉన్నదీ లేనిదీ చూసి మరీ తీసుకోవాలి.

వైద్యం పేరిట జాగ్రత్త

తంగేడు పూల కషాయం మధుమేహానికి మందని పల్లెల్లో గట్టి నమ్మకం ఉంది. పూల సారం ఎలుకలలో రక్తపు చక్కెరను తగ్గించినట్లు తమిళనాడులోని అన్నామలై విశ్వవిద్యాలయ పరిశోధకులు 2002లో ప్రకటించారు. అయితే ఎలుకలపై వచ్చిన ఫలితం మనుషుల చికిత్సకు హామీ కాదు. వైద్యులు రాసిన మాత్రలు మాని కషాయంపై ఆధారపడితే ప్రాణాపాయం. మాత్రలతో పాటు కషాయం తాగినా చక్కెర అతిగా పడిపోయే అవకాశం ఉంది. కనుక వైద్యునికి చెప్పకుండా వాడకూడదు. గర్భిణులు, బాలింతలు దూరంగా ఉండడమే మంచిది. నీడన ఎండబెట్టిన పూల పొడిని సున్నిపిండిలో కలుపుకోవడం, ఆకు ముద్దను తలకు పట్టించుకోవడం వంటి పై వాడకాలకు ఈ ఇబ్బంది లేదు.

నెలల వారీగా పనులు

ఫిబ్రవరి, మార్చి: కాయల సేకరణ, కొమ్మల కత్తిరింపు.
ఏప్రిల్, మే: సంచులలో విత్తడం, మొదటి ఏటి మొక్కలకు పది, పదిహేను రోజులకొక తడి.
జూన్: ముదురు పొదల గట్టి కత్తిరింపు, పశువుల ఎరువు.
జూలై, ఆగస్టు: మొక్కలు నాటడం, కట్టల చుట్టూ నీరు నిలవకుండా చూడడం.
సెప్టెంబరు నుంచి జనవరి: పూతకాలం, పురుగుమందులకు సెలవు.

పది గింజలు, రెండు గంపల ఎరువు, ఒక ఏడాది ఓర్పు ఉంటే తంగేడు కంచెకు పునాది పడినట్లే. పాఠశాలల ప్రహరీల వెంట, గుడి ఆవరణల్లో, శ్మశానవాటికల గట్లపై నీటి వసతి లేక ఏ మొక్కా నిలవని చోట్ల కూడా ఇది నిలుస్తుంది. ఈ ఏడాది కాయలు ఎండే వేళకు గుప్పెడు గింజలు దాచుకున్నవారు, వచ్చే తొలకరికి పొరుగువారికి కూడా రెండు మొక్కలు పంచవచ్చు.